పలకయు మగ్గమును: మన ప్రాంతపు చదువులో సృజనశక్తి చరిత్ర

శతవార్షికోత్సవము జరుపుకొను సంఘము వెనుకకు తిరిగి చూచుకొనుట సహజము. ఎన్ని మందిరములు లేచినవి, ఎన్ని బడులు తెరవబడినవి, ఎందరు చదివి ఉద్యోగములలో స్థిరపడిరి అని లెక్క చూచుకొందుము. ఆ లెక్క అవసరమే. దానికై ప్రయాసపడిన పూర్వులను తలంచి దేవుని స్తుతించుటయు న్యాయమే. అయితే చదువును గూర్చి చూడవలసిన లెక్క మరియొకటి గలదు. ఆ చదువు మన పిల్లల చేతికి ఏమి నేర్పినది? మన నేలకు, నీటికి, వృత్తులకు ఏమి మిగిల్చినది? రాబోవు నూరేండ్లు ఈ ప్రాంతములో మనుష్యులు తమ కష్టముపై తాము బ్రదుకగలరా అను ప్రశ్న ఈ రెండవ లెక్కలోనే యున్నది.

రుద్రంగిలో నిలిచి చూచిన ఈ ప్రశ్న స్పష్టముగా కనబడును. ఇచ్చటి నుండి ఒకవైపు వేములవాడ మీదుగా సిరిసిల్లకు, మరియొకవైపు కోరుట్ల మీదుగా జగిత్యాలకు పోవుదుము. ఒకప్పుడు ఇదంతయు కరీంనగరు జిల్లా. 2016 అక్టోబరు 11న క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు జగిత్యాల, కోరుట్ల ఒక జిల్లాకు, సిరిసిల్ల, వేములవాడ మరియొక జిల్లాకు చేరినవి. రుద్రంగి మండల కేంద్రమైనది. జిల్లాలు వేరైనను బ్రదుకు ఒక్కటే. సిరిసిల్ల వైపు సాంచాల చప్పుడు. కోరుట్ల వైపు వరి, పసుపు చేలు. రెండు వైపులను గల్ఫు దేశములకు పోయిన కుమారుల ఉత్తరములకై, ఇప్పుడు ఫోనులకై, ఎదురు చూచు ఇండ్లు. బడి ప్రక్కన మగ్గము, మగ్గము ప్రక్కన చేను ఉన్నవి గాని, ఒకదానితో ఒకటి మాటలాడుకొనుట లేదు. అది ఎట్లు జరిగినదో, ఎక్కడెక్కడ మరల మాటలు కలిసినవో చరిత్రను బట్టి చూచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సృజనశక్తి అనగా వార్షికోత్సవమునాడు ఆడించు నాట్యము, గోడకు తగిలించు బొమ్మ మాత్రమే యని మనలో చాలమంది తలంచెదరు. అది దానిలో ఒక భాగమే. చేతిలోనున్న వనరుతో, ఎదురైన చిక్కును, మునుపెవరును చూపని త్రోవలో విప్పగల నేర్పు సృజనశక్తి. నిలుకడైన భవిష్యత్తు అనగా రేపటివారి పాలు తినివేయక నేటి అవసరము తీర్చుకొనుట. ఈ రెంటికిని గల సంబంధము సన్నిహితమైనది. నేర్పు లేనివాడు నేలను పిండుకొని బ్రదుకును. నేర్పు గలవాడు నేలతో కలిసి బ్రదుకును.

శాసనము నుండి వీధిబడి వరకు

మన ప్రాంతము అక్షరమునకు క్రొత్తది కాదు. వేములవాడ చాళుక్యుల కాలములో, రెండవ అరికేసరి ఆస్థానమున పంపకవి కన్నడములో మహాకావ్యము వ్రాసెను. ఆయన తమ్ముడు జినవల్లభుడు గంగాధర సమీపమున కురిక్యాల వద్ద బొమ్మలగుట్టపై సుమారు క్రీ.శ. 945 ప్రాంతమున శాసనము చెక్కించెను. అది సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో నున్నది. అందలి తెలుగు కంద పద్యములు మనకు దొరికిన కందములలో మిక్కిలి ప్రాచీనమైనవని పండితులు చెప్పుదురు. 2008లో తెలుగునకు ప్రాచీన భాష హోదా లభించిన సందర్భమున ఈ శాసనపు పేరు తరచుగ వినబడినది. మూడు భాషలు ఒకే బండమీద ఒద్దికగా నిలిచిన చోటు ఇది.

అట్టి ప్రాంతములోనే తరువాతి కాలమున చదువు ఇంటి భాషకు దూరమైనది. నిజాము రాజ్యములో 1884 ప్రాంతమున పారసీకమునకు బదులు ఉర్దూ అధికార భాష యైనది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆధునిక శాస్త్రములను ఇంగ్లీషులో గాక ఉర్దూలో బోధించుట నిజముగా గొప్ప సాహసము. అనువాద శాఖ యొకటి పెట్టి, శాస్త్ర పదములను నూతనముగా కల్పించి, దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమేయని చూపిరి. ఆ సాహసమును మెచ్చుకొనవలసినదే. కాని సిరిసిల్ల సాలె పిల్లవానికిని, జగిత్యాల రైతు పిల్లవానికిని ఉర్దూ కూడ నేర్చుకొనవలసిన పరభాషయే. ఇంటి మాట బడిలో చెల్లదు. బడి మాట ఇంట అర్థము కాదు. తెలుగునకు మిగిలినవి వీధిబడులు, వానిలోని ఇసుకలో దిద్దిన ఓనమాలు.

ఈ లోటును తీర్చుటకు ప్రజలే పూనుకొనిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయము, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయము వెలసినవి. 1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదున తెలుగు మాధ్యమములో బాలికల పాఠశాల స్థాపించిరి. ఆయన అధ్యక్షతననే 1935లో ఆంధ్ర మహాసభ మన సిరిసిల్లలో సమావేశమైనది. మగ్గముల ఊరిలో మాతృభాషా విద్యను గూర్చిన ఉద్యమము నిలిచి మాటలాడిన ఆ సంవత్సరము మన పిల్లలకు చెప్పదగినది.

వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931లో జన్మించిన డాక్టరు సి. నారాయణరెడ్డిగారి చదువు ఈ సంగతికి మంచి ఉదాహరణ. వీధిబడి పిమ్మట సిరిసిల్ల, కరీంనగరు, ఉస్మానియాలలో ఆయన చదువు ఉర్దూ మాధ్యమములో సాగినది. అయినను చిన్ననాట ఊరిలో వినిన హరికథలు, జంగము కథలు, జానపద గేయములు ఆయన లోపల మరియొక బడి నడిపినవి. ఆ రెండు బడులు కలిసిన ఫలమే తెలుగు కవిత్వములో ఆయన స్థానము. ‘విశ్వంభర’ కావ్యమునకు 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము. అదే హనుమాజీపేట నుండి ఒగ్గుకథా కళాకారులు మిద్దె రాములుగారు కూడ వచ్చిరి. ఒకే ఊరి కథా సంప్రదాయము ఒకరిని విశ్వవిద్యాలయము వరకును, మరియొకరిని వేదికల మీదికిని నడిపించినది. మనము ఆలోచింపవలసినది ఇది: ఆ ఊరి కథలు బడి బయటనే ఎందుకు ఉండవలసి వచ్చినవి?

మిషను బడులు: పాట, పని, పిడికెడు బియ్యము

మన సంఘముల ఆరంభ దినములలో ఈ గోడ అంత ఎత్తుగా లేదు. వినుటయే చదువుగా నుండిన ప్రజలకు సువార్త పాట రూపముననే చేరినది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైనవారు మన రాగములలో, మన తాళములలో కీర్తనలు రచించిరి. అక్షరము తెలియని తల్లి యొకతె పది కీర్తనలు కంఠస్థము చేసిన యెడల, ఆమె ఇంట ఒక వేదాంత గ్రంథ మున్నట్లే. దీనిని మనము భక్తిగా మాత్రమే చూచుచున్నాము. ఇది ఒక విద్యా పద్ధతి కూడ.

ఈ పద్ధతిని బుద్ధిపూర్వకముగా పెంచినవారు దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. తిరునెల్వేలి ప్రాంతమున 1874లో పుట్టిన తమిళుడు. 1909లో దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకింపబడి ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ ఆయెను. ఆయన మందలో అధికులు నిరుపేదలు, అంటరానివారని త్రోసివేయబడినవారు. వారికి పాటలు, భజనలు, కోలాటము, నాటకములద్వారా బోధ సాగినది. బడిలో అక్షరముతో పాటు సేద్యము, చేతిపనులు నేర్పింపబడినవి. వండుకొనునపుడు తీసి యుంచు పిడికెడు బియ్యము సంఘ పోషణకు ఆధారమైనది. పరదేశపు డబ్బు ఆగిననాడు ఆగిపోని సంఘమును కట్టుటయే ఆయన ఆశయము. 1939 జనవరిలో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమును చూడుడి. స్తంభములు మన గుడుల పోలికను, గుమ్మటములు మసీదుల పోలికను కలిగి, ఈ నేలమీద పుట్టిన కట్టడమువలె నున్నది. ఇల్లు ఎట్లు కట్టవలెనో పరదేశమును అడుగక, ఈ దేశపు శిల్పమునే అడిగి కట్టిన మందిరమది.

మెదక్ మహాదేవాలయము వేరొక మార్గమున ఇదే పాఠము చెప్పును. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి నాయకత్వమున 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడము కరవు దినములలో చుట్టుపట్ల గ్రామములకు అన్నము పెట్టినది. ఊరకనే పంచిపెట్టుటకు బదులు పని కల్పించి కూలి ఇచ్చిరి. 2024లో దానికి నూరేండ్లు నిండినవి. ఎందరో గోపురపు ఎత్తును చూచి ఆశ్చర్యపడుదురు. దాని క్రింద పనిచేసి కుటుంబములను నిలుపుకొన్న చేతులను గూర్చి తలంచువారు తక్కువ.

చేతిపని దేవుని కార్యమునకు తక్కువది కాదని మన గ్రంథమే బోధించుచున్నది. నిర్గమకాండములో బెసలేలు, అహోలీయాబులను గూర్చి చదువుచున్నాము. దేవుని ఆత్మతో నింపబడెనని అచ్చట చెప్పబడిన బెసలేలు ప్రవక్త కాడు, రాజు కాడు. లోహము, రాయి, కఱ్ఱ పనిచేయు నేర్పరి. ఇతరులకు నేర్పు బుద్ధియు అతనికిని, అతని తోడివాడైన అహోలీయాబునకును ఈయబడినది. పనివాడే ఉపాధ్యాయుడు కూడ నగుట గమనింపదగినది.

కుమారప్పగారి హెచ్చరిక

ఇరువదవ శతాబ్దపు నడుమ ఈ ఆలోచనను దేశమంతటికి విస్తరింపజేసినవారిలో ఇద్దరిని స్మరింపవలెను. మొదటివారు డాక్టరు జాకిర్ హుసేన్‌గారు. 1897లో హైదరాబాదున జన్మించి, తరువాత రాష్ట్రపతి యైన విద్వాంసుడు. 1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యా మహాసభ జరిపి, చేతిపని కేంద్రముగా ప్రాథమిక విద్య నడువవలెనని ప్రతిపాదించినపుడు, దానికి పాఠ్య ప్రణాళిక సిద్ధపరచిన సంఘమునకు ఆయనయే అధ్యక్షుడు. రాట్నము వడకుట వలన వచ్చు డబ్బు మీద దృష్టి పెట్టి, పిల్లవాని బుద్ధి వికాసమును మరచు ప్రమాదము గలదని ఆ సంఘము ముందే హెచ్చరించినది.

రెండవవారు జె. సి. కుమారప్పగారు. తంజావూరు క్రైస్తవ కుటుంబమున 1892లో జన్మించి, లండనులో లెక్కల పరిశోధకుడుగ, అమెరికాలో అర్థశాస్త్ర విద్యార్థిగ నుండి, 1934 నుండి అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘమును నడిపించెను. చెరసాలలో నున్నప్పుడు వ్రాసిన ‘ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్’ 1945లో వెలువడినది. గనిలోని బొగ్గు, నూనె వంటివి త్రవ్విన కొలది తరుగునవి. పారు నీరు, పండు చేను, పెరుగు చెట్టు మరల మరల వచ్చునవి. మొదటివాని మీద బ్రదుకు కట్టుకొన్న సమాజము కొట్లాటలకు దారితీయునని ఆయన వాదము. పువ్వునుండి తేనె తీసికొనుచునే ఆ పువ్వు కాయ కట్టుటకు తోడ్పడు తేనెటీగ ఆయన మెచ్చిన మాదిరి. ‘సుస్థిర అభివృద్ధి’ అను మాటను లోకమంతట వ్యాపింపజేసిన బ్రంట్‌లాండ్ సంఘపు నివేదిక 1987లో వచ్చినది. అంతకు 42 సంవత్సరములు ముందే ఒక భారతీయ క్రైస్తవుడు ఈ సంగతి వ్రాసియుండగా, మన సంఘ పాఠశాలలలో ఎందరు ఉపాధ్యాయులు ఆయన పేరు పిల్లలకు చెప్పుచున్నారు?

ఒక న్యాయమైన అభ్యంతరము

ఇచ్చట ఆగి, మన సంఘములోని పెద్దలు అడుగు ప్రశ్నకు జవాబు చెప్పవలెను. “అయ్యగారూ, మా తాతలు తోలు పని చేసినారు, వెట్టి చేసినారు. బడి వచ్చినది గనుకనే మేము దాని నుండి బయటపడితిమి. మరల పిల్లలను చేతిపనికి త్రోయుట దేనికి?” ఈ మాటలో నూరేండ్ల బాధ యున్నది. దానిని త్రోసివేయువాడు కాపరి కాజాలడు.

చరిత్రయు ఈ అభ్యంతరమును బలపరచుచున్నది. 1953లో మద్రాసు రాష్ట్రమున రాజాజీగారి ప్రభుత్వము గ్రామ పాఠశాలలలో దినమునకు మూడు గంటలు మాత్రము చదువు, మిగిలిన కాలము తలిదండ్రుల వృత్తి నేర్చుకొనవలెనను పథకము పెట్టినది. కుమ్మరి కొడుకు కుమ్మరిగానే, చాకలి కొడుకు చాకలిగానే ఉండవలెనా యని ప్రజలు తిరుగబడిరి. అది కులవిద్యయని పేరుపడి, 1954లో కామరాజ్‌గారు ముఖ్యమంత్రి యైన పిమ్మట రద్దయినది. రద్దగుటయే న్యాయము. పుట్టుకను బట్టి పని నిర్ణయించు చదువు సృజనకు శత్రువు.

దీనికి మరియొక ప్రక్క కూడ గలదు. తండ్రి పనిని చూచి సిగ్గుపడుట నేర్పు చదువును అంతే ప్రమాదము. అట్టి చదువులో పది తరగతులు చదివి తప్పినవానికి ఉద్యోగమును రాదు, పనియు రాదు; మిగులునది విమానపు టిక్కెట్టుకు అప్పు. కనుక మనకు కావలసినది ఈ రెండును గాని మూడవ మార్గము: పిల్లవాని తండ్రి పనికి కట్టివేయక, ఆ పనిని అర్థము చేసికొని, దాని కష్టమును తగ్గించి, దానిని మార్చగల శక్తిని ఇచ్చు చదువు. సర్పంచి కొడుకును, సఫాయి కార్మికుని కూతురును ఒకే బల్ల యొద్ద మట్టి, దారము, విత్తనము పట్టుకొని నేర్చుకొను చదువు.

ప్రభుత్వములకు ఈ సంగతి తెలియక కాదు. 1964–66 నాటి కొఠారి కమీషను ‘కార్యానుభవము’ అన్నది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘము ‘సమాజోపయోగ ఉత్పాదక కార్యము’ అన్నది. 2020 జాతీయ విద్యా విధానము ఆరు నుండి ఎనిమిదవ తరగతి పిల్లలకు సంచి లేని పది దినములు ఉండవలెనన్నది. పేర్లు మారుచున్నవి. బడికి వచ్చుసరికి అది వారమునకొక పీరియడ్డుగా, చివరకు మార్కుల పట్టికలో ఒక గడిగా మిగులుచున్నది. పరీక్షలో అడుగని దానిని బడి మరచుట మనమందరము ఎరిగినదే.

మూడవ మార్గమున నడచినవారు

ఆ మూడవ మార్గము ఊహ కాదు. మన తెలుగు దేశములోనే దానిలో నడచినవారున్నారు.

నల్లగొండ వైపు ఆలేరు ప్రాంతమున శారాజీపేట గ్రామములో చింతకింది మల్లేశంగారి తల్లి లక్ష్మిగారు ఆసు పోయుచుండెడిది. పోచంపల్లి తరహా చీరకు రంగు అద్దుటకు ముందు దారమును మేకుల చుట్టు అర్ధచంద్రాకారముగా చుట్టవలెను. ఒక్క చీరకు సుమారు తొమ్మిది వేల మారులు చేయి అటునిటు ఆడవలెను. భుజము పడిపోవును. బాల్యములోనే బడి మానవలసి వచ్చిన ఆ కుమారుడు తల్లి నొప్పిని చూచి, 1992లో యంత్రము చేయుటకు పూనుకొనెను. కరెంటు పని, మరపని తానే నేర్చుకొనుచు, అప్పులు చేయుచు, నవ్వినవారిని ఓర్చుకొనుచు 1999లో దానిని పూర్తిచేసెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆయన తల్లి పనిని విడిచి పారిపోలేదు. తల్లిని ఆ పనికి బలిచేయనులేదు. ఆ యంత్రమునకు తల్లి పేరే పెట్టెను. ఆ నేర్పు బడిలో దొరకకపోయెనే యని మాత్రము మనము దుఃఖింపవలెను. ఆ ఏడేండ్ల ప్రయాసలో కొంతయైనను ఒక మంచి పాఠశాల తగ్గింపగలిగి యుండెడిది.

జహీరాబాదు దగ్గర పస్తాపూరు కేంద్రముగా 1983 నుండి పనిచేయుచున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కథ వేరు. అందలి సంఘములలో అధికులు దళిత స్త్రీలు, అక్షరము తెలియనివారు. జొన్న, కొఱ్ఱ, కంది, పెసర వంటి పంటలను ఒకే చెలకలో కలిపి విత్తుచు, విత్తనమును ఇంటి గుల్లలలో దాచుకొని, అప్పు లేని సేద్యము నిలిపిరి. ఏటేట ఎడ్లబండ్లను అలంకరించి విత్తనములతో ఊరూర త్రిప్పు ‘పాత పంటల జాతర’ వారి పాఠశాల. 1993లో మాచ్నూరులో ‘పచ్చసాలె’ అను బడి తెరచి, పుస్తకపు చదువుతో పాటు సేద్యము, వడ్రంగము, కుట్టుపని నేర్పిరి. అదే స్త్రీలు కెమెరా పట్టి తమ పొలముల కథ తామే చిత్రించిరి. 2008లో ‘సంగం రేడియో’ నడుప నారంభించిరి. 2019లో వారికి ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటర్ బహుమానము లభించినది. దానికి ఆద్యుడైన పి. వి. సతీశ్‌గారు 2023లో గతించిరి. ఆ సంవత్సరమునే లోకమంతయు చిరుధాన్యముల సంవత్సరముగా జరుపుకొనినది. పేదల గింజయని త్రోసివేసిన దానినే లోకము వెదకికొనవలసి వచ్చినది.

మదనపల్లె సమీపమున జిడ్డు కృష్ణమూర్తిగారి ఆలోచనలపై నడచు రిషివ్యాలీ విద్యాలయమువారు చుట్టు గ్రామములకై చిన్న బడులు పెట్టిరి. ఒకే ఉపాధ్యాయుడు, ఐదు తరగతులు – ఇది మన గ్రామ పాఠశాలల నిత్య సమస్య. వారు పాఠ్యపుస్తకమును విప్పి వందల కార్డులుగా చేసి, నిచ్చెన మెట్లవలె అమర్చిరి. పిల్లవాడు తన మెట్టు తాను వెదకికొని, పాట, కథ, ఆట, చుట్టునున్న చెట్టు చేమలద్వారా ముందుకు పోవును. ఈ పద్ధతియే తరువాత తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలకు ఆధారమైనది. ఖర్చుతో కూడిన యంత్రము లేదు. అట్ట, కత్తెర, ఉపాధ్యాయుని ఊహ, అంతే.

సిరిసిల్ల మగ్గము అడుగుచున్న ప్రశ్న

ఇక మన ఇంటికి వత్తము. అగ్గిపెట్టెలో పట్టు చీరను నేసి నల్లా పరంధాములుగారు సిరిసిల్ల పేరు లోకమునకు తెలిపిరి. అట్టి నేర్పుగల ఊరిలోనే, 2000 తరువాతి సంవత్సరములలో పనిలేక, అప్పు తీరక నేత కార్మికులు ప్రాణములు తీసికొనిరి. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు హృదయము కలవరపడును. నేర్పు లేక కాదు గదా వారు చనిపోయినది! నూలు ధర, కరెంటు ధర, గిరాకి, అన్నియు ఇతరుల చేతిలో నుండెను. ఆసామి సేఠు వైపు, కార్మికుడు ఆసామి వైపు చూడవలసినదే. 2017 నుండి కొన్నేండ్లు బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డరు సాంచాలకు పని కల్పించినది. పని దొరకుట మేలే. కాని ఒక్క కొనుగోలుదారుని మీద ఆధారపడిన ఊరు, ఒక్క పంట మీద ఆధారపడిన చేనువంటిది.

క్రొత్త బట్ట, క్రొత్త నమూనా, క్రొత్త సంత, సహకారముగా కొని అమ్ముకొను లెక్క – ఇవన్నియు నేర్చుకొనదగినవి. అవి నేర్పవలసిన చోటు బడియే. పడుగులో దారముల లెక్క గణితము. రంగు పట్టుట రసాయన శాస్త్రము. రంగునీరు ఎక్కడికి పోవుచున్నదను ప్రశ్న పర్యావరణ శాస్త్రము. కూలి, వడ్డీ, లాభము అర్థశాస్త్రము. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మేరీ జకార్డ్ రంధ్రములు గల అట్టలతో నమూనా నేయు మగ్గము చేసెను. ఆ అట్టలనుండియే ఛార్లెస్ బాబేజ్ లెక్కలు చేయు యంత్రమునకు ఊహ తెచ్చుకొనెను. నేటి కంప్యూటరునకు అది ఒక మూలము. జకార్డు మగ్గము చేనేతవారికి తెలిసినదే. అయినను కంప్యూటరు తరగతిలో కూర్చున్న నేత కార్మికుని కుమారునికి, “ఈ విద్యకు నీ తాత మగ్గము చుట్టము” అని చెప్పిన ఉపాధ్యాయుడు ఎవడు? ఆ ఒక్క మాటతో ఆ పిల్లవాని తల పైకెత్తబడును.

కోరుట్ల, జగిత్యాల వైపును ఇట్లే. పొలాస వ్యవసాయ పరిశోధన స్థానములో పుట్టిన ‘జగిత్యాల సన్నాలు’, ‘పొలాస ప్రభ’ వంటి వరి రకములు మన చేలలో పండినవి. విత్తనము ఎట్లు ఎంపిక చేయుదురో చూచుటకు మన పిల్లలను ఎన్నిమారులు అచ్చటికి తీసికొనిపోతిమి? దూరపు వినోద స్థలములకు బస్సులు కట్టుచున్నాము. ప్రక్కనున్న శాస్త్రజ్ఞుని చేనికి నడిచి పోలేకున్నాము.

మన ముందున్న పని

శతాబ్ది సంవత్సరమున రాతిపలకలు వేయుట ఆచారము. వానితో పాటు, ఖర్చులేని కొన్ని పనులు మన సంఘములు, బడులు, హాస్టళ్లు చేయవచ్చును.

మొదటిది, కోతకాలపు కృతజ్ఞతార్పణ పండుగలో పంటతో పాటు విత్తనమును తెచ్చు అలవాటు పెట్టుకొనవలెను. ఏ యింట ఏ పాత విత్తనము మిగిలియున్నదో పిల్లలు వ్రాసిపెట్టి, మరుసటి యేడు ఇచ్చిపుచ్చుకొనవలెను. రెండవది, ప్రతి సంఘములోని వృద్ధులైన నేతవారు, వడ్రంగులు, మంత్రసానులు, పాటగాండ్రు ఎవరో తెలిసికొని, వారిని ఏడాదికి కొన్ని దినములు బడిలో కుర్చీ వేసి గురువులుగా కూర్చుండబెట్టవలెను. వారు చెప్పునది పిల్లలు తమ తెలుగులో, తమ యాసలోనే వ్రాయవలెను. మూడవది, ఇంగ్లీషు నేర్పుదము, తప్పక నేర్పుదము. కాని తెలుగులో మాటలాడినందుకు పిల్లవానికి జరిమానా వేయు పద్ధతి మన ఆవరణములలో ఎక్కడనున్నను ఈ సంవత్సరముతోనే ముగియవలెను. నాల్గవది, మన యువజనులలో ఎవరైన క్రొత్త పనిముట్టు చేయ బూనినయెడల, నవ్వక, సంఘమే మొదటి సహాయము చేయవలెను. మల్లేశంగారివంటివారు మన మధ్యనే ఉండవచ్చును. వారు ఏడేండ్లు ఒంటరిగా పోరాడవలసిన అవసరము లేదు.

ఇవి చిన్న పనులని ఎవరైనను అనవచ్చును. పిడికెడు బియ్యము కూడ చిన్నదే. దానితోనే మన పూర్వులు ఒక సంఘమును పోషించుకొనిరి. వారు మనకు అప్పగించినది కట్టడములు మాత్రమే కాదు. లేమిలో నుండి త్రోవ కల్పించుకొను నేర్పును అప్పగించిరి. ఆ నేర్పును మన బడులు మరల చేపట్టినయెడల, ఈ నేలను విడిచి పోవలెనా యను ప్రశ్న రాబోవు తరమునకు విధి కాక, వారి యిష్టముగా నుండును. పోవువాడు ధైర్యముతో పోవును; ఉండువాడు గౌరవముతో ఉండును. ఆ స్వాతంత్ర్యము మన పిల్లలకు కలుగునట్లు పనిచేయుట ఈ శతాబ్ది మనమీద మోపిన బాధ్యత.